ఇరవై నాలుగు అగ్గిపెట్టెలు

మామిడికాయలు సర్దే అట్టపెట్టె మూత ఒకటి. దాని మీద నాలుగు వరుసలు, వరుసకు ఆరేసి అగ్గిపెట్టెలు. ఒక్కోదాని ముఖాన గోడ క్యాలెండరులోంచి కత్తిరించిన తేదీ గడి. 17 పక్కన 4, దాని కింద 21, అట్లా క్రమం లేకుండా. తేదీ కింద తిథి, నక్షత్రం, వర్జ్యం కూడా అచ్చులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. తిరుపతిలో ఇంట్లోనే జాకెట్లు కుట్టే ఒకామె 2024 డిసెంబరులో తన ఏడేళ్ళ కొడుక్కి చేసిచ్చిన అడ్వెంట్ క్యాలెండరు ఇది. 1వ తేదీ నుంచి 24 దాకా రోజుకొక పెట్టె తెరవాలి. 25న క్రిస్మస్ పండగ. ఇంతవరకే వింటే బడిలో ఇచ్చే ప్రాజెక్టు పనిలాగా ఉంటుంది. దగ్గరికి వెళ్ళి ఒక పెట్టెను కొక్కెం మీంచి తీసి చూస్తే గానీ పనితనం తెలియదు.

ముందు పెట్టె సంగతి. చిత్తూరుకు ఆనుకునే ఉన్న తమిళనాడు గుడియాత్తం, ఇంకా కిందికి పోతే శివకాశి, కోవిల్‌పట్టి, మన ఇళ్ళలో వెలిగే అగ్గిపుల్లలు ఎక్కువగా అక్కడివే. పద్నాలుగేళ్ళు రూపాయి దగ్గరే నిలబడ్డ అగ్గిపెట్టె 2021 డిసెంబరు 1న రెండు రూపాయలైంది. అంటే 24 పెట్టెలకు 48 రూపాయలు. పుల్లలన్నీ మూత బిగుతుగా ఉండే డబ్బాలోకి పోయాయి, వంటకు పనికొస్తాయి. పెట్టె పక్కల పుల్ల గీసే మందు పట్టీల మీద ఆమె మొదట కాగితం అంటించింది. పిల్లవాడి చేతికిచ్చే వస్తువు కదా.

తిరుపతి డిసెంబరుతో కాగితం పనికి పెద్ద చిక్కుంది. ఈ క్యాలెండరు పుట్టిన జర్మనీలో ఆ నెల ఇంటి లోపల వెచ్చగా, పొడిగా ఉంటుందేమో గానీ, మనకు ఈశాన్య రుతుపవనాల తోక ఆడేది అప్పుడే. ఆ ఏడు ఫెంగల్ తుపాను నవంబరు 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. మొదటి పెట్టె తెరవాల్సిన ఆదివారం పొద్దున ఊరంతా వాన. చెమ్మకు అట్ట ఉబ్బుతుంది, సొరుగు తొడుగులో బిగుసుకుపోతుంది. పిల్లవాడు బలంగా లాగితే చిరుగుతుంది. పోనీ వదులుగా ఉంచితే ఎండ కాసిన రోజు దానంతటదే జారి పడుతుంది. ఆమె సొరుగు నాలుగు అంచులకూ కొవ్వొత్తి రుద్దింది. తర్వాత తొడుగు లోపలి వైపు, ఒక్క పక్కనే, సన్నటి జాకెట్ లైనింగు గుడ్డ పీలిక అంటించింది. మైనం జారనిస్తుంది, గుడ్డ పట్టి ఉంచుతుంది. వానలోనూ ఎండలోనూ ఒకే ఒత్తిడికి తెరుచుకునేట్టు చేయడానికి ఇంతకంటే తేలిక మార్గం నాకు తోచడం లేదు. బంక విషయంలోనూ ఇంతే జాగ్రత్త. మైదా ఉడికించిన జిగురుకు ఈ కాలంలో బూజు పడుతుంది, పురుగు పడుతుంది. పాతకాలం వాళ్ళు అందులో మైలతుత్తం కలిపేవాళ్ళు. అది విషం, పిల్లలుండే ఇంట్లో కుదరదు. అందుకే ఫెవికాల్.

పెట్టెల్ని అట్టకు అంటించలేదు. పెట్టె పై అంచు మధ్యలో చిన్న దారపు ఉచ్చు, అట్టలోంచి గుచ్చి వంచిన గుండుసూది కొక్కెం. సూదుల మొనలు వెనక ఇంకో అట్ట కింద దాక్కున్నాయి. మామిడి పెట్టెకు గాలాడటానికి చేసిన పెద్ద చిల్లులు కూడా వృథా కాలేదు, గోడకు వేలాడదీసే తాడు వాటిలోంచే పోయింది. వేలాడే పెట్టెకు ఒక బలహీనత ఉంది. లోపల రూపాయి బిళ్ళ ఒక మూలకు జారితే పెట్టె ఆ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిందంటే లోపల బరువైనదేదో ఉందని పిల్లవాడికి ముందే తెలిసిపోయినట్టే. ఊపితే చప్పుడవుతుంది, అదింకో చాడీ. ఆమె ప్రతి సొరుగులోనూ దూది పరిచి, వస్తువును మధ్యలో గూడులా అదిమింది. తేలికపాటి చీటీ ఒక్కటే ఉన్న పెట్టెల్లో మాత్రం కావాలని రెండు చింతగింజలు వదిలింది, ఊపితే మోగేలా. ‘ఎక్కువ మోగేదాంట్లో ఏమీ ఉండదన్నా. వానికి అది తెలిసేసరికి పదో తేదీ వచ్చేస్తాది’ అని నవ్వింది.

లోపలి సరుకంతా చిన్నదే. గోళీ, బెలూను, రబ్బరు, నక్షత్రాల స్టిక్కర్లు, అవ్వ పాత జాకెట్టుకున్న గాజు బొత్తం. మిఠాయి తక్కువ. దానికి కారణం చీమలు. నిమ్మతొనలు నాలుగు రోజులు పెట్టెలో ఉంటే, తెరిచేసరికి పిల్లవాడికి మిగిలేది చీమల బారే. అందుకని తీపి ఉండాల్సిన రోజు పెట్టెలో చీటీ మాత్రమే ఉంటుంది: బియ్యం డబ్బా వెనక చూడు, అని. ఇంకొన్ని చీటీలు పనులు పురమాయిస్తాయి. అవ్వకు ఫోన్ చేసి పాట వినిపించు. ఇవాళ కజ్జాయాలకు పాకం పడుతున్నాం, నువ్వులు అద్దేది నువ్వే. ఎర్రగా నల్లటి బొట్టుతో ముచ్చటగా ఉండే గురివింద గింజలు పెట్టమని పక్కింటివాళ్ళు సలహా ఇచ్చారట. ఆమె పెట్టలేదు. ఆ గింజలో ఉండే అబ్రిన్ ప్రాణాలు తీసే విషం. నమిలితే ప్రమాదం, ఇంట్లో పాకే చంటిపిల్ల ఉంది.

అడ్వెంట్ క్యాలెండరు అసలు ఇంటి పనిగానే పుట్టింది. జర్మనీలో పంతొమ్మిదో శతాబ్దపు లూథరన్ ఇళ్ళలో తలుపు మీద 24 సుద్దగీతలు గీసి రోజుకొకటి తుడిపించేవాళ్ళు, గోడకు రోజుకొక బొమ్మ తగిలించేవాళ్ళు. గెర్హార్డ్ లాంగ్ అనే పిల్లవాడికి వాళ్ళమ్మ 24 చిన్న బిస్కట్లను అట్టకు కుట్టి ఇచ్చింది. ఆ పిల్లవాడే పెద్దయ్యాక మ్యూనిక్‌లో అచ్చు వ్యాపారంలో దిగి ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అడ్వెంట్ క్యాలెండరు అచ్చు వేశాడు. దాంట్లో ఒక కాగితం నిండా 24 బొమ్మలు, రోజుకొకటి కత్తిరించి ఇంకో కాగితం మీద అంటించుకోవాలి. తెరిచే చిన్న తలుపులు ఆ తర్వాత వచ్చాయి. లాంగ్ తల్లి కుట్టిన బిస్కట్లు మొదటి రోజు నుంచీ కళ్ళెదుటే ఉండేవి, తలుపులు వచ్చాకే దాచడం వచ్చింది. ఇప్పుడు పెద్ద అంగళ్ళలో దొరికే చాలా క్యాలెండర్లలో 24 తలుపుల వెనకా ఒకే రకం చాక్లెట్టు. రెండో రోజుకే పిల్లవాడికి మిగతా ఇరవై రెండూ తెలిసిపోతాయి. అట్లాంటిదానికి తలుపెందుకో నాకు అర్థం కాదు.

ఈ ప్రాంతానికి లూథరన్ ఆరాధన వచ్చింది కూడా జర్మనీ నుంచే. 1860ల్లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ పాదిరీలు ఇప్పటి తిరుపతి జిల్లాలోని సూళ్ళూరుపేట, నాయుడుపేట వైపు పని మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత అది అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చింది. ఆ పరంపరలోదే తిరుపతి కేంద్రంగా ఉన్న సౌత్ ఆంధ్ర లూథరన్ చర్చి. ఆ పాదిరీలు వచ్చేనాటికి అచ్చు క్యాలెండరు ఇంకా పుట్టలేదు. ఈమె కూడా ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఫోన్‌లో ఒక బొమ్మ చూసి మొదలుపెట్టింది. ఫోన్‌లో లేనిది పెట్టె వెనక ఉంది.

తెరిచిన పెట్టెను పిల్లవాడు కొక్కెం మీంచి తీసి, తిప్పి, మళ్ళీ తగిలిస్తాడు. తేదీ గడి వెనక్కి పోయి, పెట్టె వీపు మీదున్న బొమ్మ ముక్క ముందుకొస్తుంది. 24 పెట్టెలూ తిరిగాక పూర్తి బొమ్మ తయారవుతుంది. జానెడున్నర వెడల్పున్న గుడ్డ మీద, పశువుల పాకలో క్రీస్తు జననం. పాకలో ఆవు మన పుంగనూరు పొట్టి ఆవు. గొల్లవాళ్ళ భుజాన కంబళ్ళు. వెనక, వాళ్ళ మేడ మీదికెక్కితే కనపడే శేషాచలం కొండ అంచు, ఆ నిట్టనిలువు రాతి గోడతో సహా.

గీత కలంకారీది. ఆమె పెళ్ళికి ముందు శ్రీకాళహస్తిలో కొన్ని నెలలు కలం పట్టింది. 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ పూనికతో శిక్షణ కేంద్రం వచ్చి నిలబడ్డ విద్య అది. ఆ ఊరి గురువు జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. ఈమె చేసినది పద్ధతి ప్రకారమే. నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఆరబెట్టింది. పాలలోని కొవ్వు సిరాను పాకనివ్వదు. చింతబొగ్గుతో లేతగా గీసుకుని, దాని మీద కసిమి కలం నడిపింది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో వారాల తరబడి ఊరితే వచ్చే ద్రవం కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డను తాకగానే నల్లబడుతుంది. వెదురు పుల్లకు చుట్టిన గుడ్డను వేళ్ళతో ఎంత నొక్కితే అంత సిరా దిగుతుంది కాబట్టి, గీత సన్నమూ లావూ కావడం నొక్కుడులోనే ఉంది. ఎరుపు వేయాలంటే పటిక పెట్టి, రంగు నీళ్ళలో గుడ్డను ఉడకబెట్టాలి. ఇంత చిన్న గుడ్డకు అంత హంగామా ఎందుకని నలుపుతోనే వదిలేసింది. మంచి పని చేసింది. కరక్కాయ ఇచ్చిన లేత పసుపు నేల మీద ఆ నలుపు గీత ఒక్కటే నిండుగా ఉంది. కాకపోతే అట్ట చుట్టూ అంటించిన చెమ్కీలు లేకపోయినా బాగుండేది. ఆమాటంటే ‘అవి వాని పని, పీకితే ఏడుస్తాడు’ అంది.

గుడ్డను 24 ముక్కలు చేయడంలో దర్జీ చెయ్యి కనపడుతుంది. వేలాడే పెట్టెల మధ్య ఉచ్చు పట్టేంత సందు మిగులుతుంది. బొమ్మను కోసి ఊరికే అంటిస్తే ప్రతి సందు దగ్గరా గీత పక్కకు జరిగి కనపడుతుంది. ఆమె బొమ్మ గీసేముందే గుడ్డ మీద సందుల్ని కూడా గళ్ళుగా గీసుకుంది. ఆ సన్నటి పట్టీల్లో పోయే గీతను అలాగే పోనిచ్చి, తర్వాత ఆ పట్టీల్ని కోసి పారేసింది. కుట్టుబడికి గుడ్డ వదిలే లెక్కే ఇది, తలకిందులుగా. అందుకే ఆవు వెన్ను మూడు పెట్టెల మీదుగా పోయినా ఎక్కడా విరగలేదు. పోగులు లేవకుండా అంచులకు గంజి.

ఇంత చెప్పినా అసలు పనితనం తేదీలు పంచిన తీరులో ఉంది. అంకెలు చెల్లాచెదురుగా ఉన్నది పిల్లవాడు వెతుక్కోవడానికే అనుకున్నాను. కానీ ఏ ముక్క ఏ రోజు బయటపడాలో నిర్ణయించి, దాన్నిబట్టి ఆమె అంకె అంటించింది. మొదటి రోజు మూలనున్న గడ్డి. రెండో రోజు కంబళి అంచు, చూస్తే రాళ్ళ గుట్టేమో అనిపిస్తుంది. 3 నుంచి 6 దాకా కొండ. తిరుపతిలో పుట్టిన ఏ పిల్లవాడైనా ఆ అంచును పోల్చుకుంటాడు, ‘మన కొండ!’ అని ఎగురుతాడు. ఒక్కటైనా తెలిసింది కనక మిగతాదాని మీద ఆశ నిలుస్తుంది. ఆ తర్వాత వారమంతా తికమక: తోక, డెక్క, కర్ర కొస, దీపం ఉన్న గూడు. ఆవు మూతి పదమూడో రోజుకు గానీ రాదు. మనుషుల ముఖాలు చివరికే. యోసేపు 22న, మరియ 23న. శిశువు బొమ్మ నడిమధ్య ఉంటాడని ఎవరైనా అనుకుంటారు, పిల్లవాడూ అట్లాగే అనుకుని నడిమి పెట్టెల్లో ఒకదాని మీద కన్నేశాడు. అక్కడ వచ్చింది తొట్టి కాలు. శిశువు ఎడమ పక్క కింది వరుసలో ఉన్నాడు. ‘ముఖం ముందే కనపడిపోతే ఇంక రేపటికి ఏముంటాదన్నా?’ అంది.

16వ తేదీ గడిలో ధనుర్మాసం మొదలని అచ్చులో ఉంది. దాన్ని ఆమె చెరపలేదు, పైన కాగితం వేయలేదు. కొండ మీద ఆ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపిస్తుంది. ముప్పై పాశురాలు, రోజుకొకటి. వీధిలో పక్కిళ్ళ ఆడపిల్లలు పొద్దున్నే ముగ్గు వేసి గొబ్బెమ్మ పెట్టే వేళకు ఈ ఇంట్లో పిల్లవాడు పెట్టె తెరుస్తుంటాడు. ఆ పిల్లల్లో ఇద్దరు ముగ్గు పిండి చేతులతోనే వచ్చి, ఇవాళ ఏమొచ్చిందో చూసి పోయేవాళ్ళట.

ఇంకొక చిక్కు ఆదివారాలు. క్యాలెండరు ఎప్పుడూ 1వ తేదీనే మొదలవుతుంది. చర్చి లెక్కలో ఆగమన కాలం, అంటే అడ్వెంట్, క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలది, కాబట్టి ఏటా తేదీ మారుతుంది. 2024లో అవి 1, 8, 15, 22. ఆ నాలుగు పెట్టెలకూ ఆమె ఊదా రంగు లైనింగు గుడ్డతో తొడుగులు కుట్టింది. అంటించకుండా ఎక్కించి తీసేట్టు పెట్టింది, మరుసటేడు వేరే అంకెలకు తొడగాలి కదా. 2025లో మొదటి ఆదివారం నవంబరు 30న వచ్చి క్యాలెండరుకు బయట పడింది, ఒక తొడుగు మిగిలిపోయింది. పిల్లవాడు ఒప్పుకోలేదు, ఆదివారానికి పెట్టె ఉండాల్సిందేనన్నాడు. ఇరవై అయిదో పెట్టె ఒకటి చేసి అట్ట కింది అంచున కట్టింది. 2026లో కూడా మొదటి ఆదివారం నవంబరు 29 కాబట్టి అది అట్లాగే ఉంటుంది. బొమ్మ మాత్రం పిల్లవాడికి తెలిసిపోయింది. అందుకని పాతది ఊడదీసి కొత్త గుడ్డకు కరక్కాయ పట్టిస్తోంది. ఈసారి ఆవు ఎక్కడుంటుందని అడిగితే, వాడు వాకిట్లోనే ఉన్నాడని కళ్ళతో చూపించి, కత్తెర తీసుకుని లోపలికి పోయింది.