ఫొటో వెనక కాగితం

పన్నెండంగుళాల చదరపు కాగితం, మూడో నాలుగో ఫొటోలు, రెండు మూడు రకాల డిజైన్ కాగితాలు, కత్తెర, జిగురు. స్క్రాప్‌బుక్‌లో ఒక పేజీ తయారుచేయడానికి ఇంతకంటే సరంజామా అక్కర్లేదు. కానీ దుకాణంలో పూల కాగితాలు, చారల కాగితాలు చూసి మనసు పారేసుకున్నవాళ్ళు ముందు వాటిని అతికించేసి, మిగిలిన చోట ఫొటోలు ఇరికిస్తారు. పేజీ నిండుగానే ఉంటుంది, ఫొటోలో మనిషే కనిపించడు. చెయ్యి తిరిగినవాళ్ళు ఫొటో దగ్గర మొదలుపెడతారు. ఏ కాగితం ఎంచినా, దాన్ని ఎక్కడ కోసినా, చూపు ఆ ముఖం దగ్గరికి వెళ్ళేలా చేయడమే వాళ్ళ లెక్క. ఇదొక్కటి పట్టుబడితే మిగతాదంతా సాధనే.

ఇప్పుడు మనం చూస్తున్న రూపంలో ఈ కళ అమెరికాది. 19వ శతాబ్దంలో అక్కడ పత్రికల కత్తిరింపులు, రంగుల కార్డులు పుస్తకాల్లో అతికించి దాచుకోవడం విరివిగా సాగేది. రచయిత మార్క్ ట్వేన్ 1873లో, ముందే జిగురు పూసి ఉంచిన పేజీల స్క్రాప్‌బుక్‌కు పేటెంట్ కూడా తీసుకున్నాడు. కుటుంబ ఫొటోల చుట్టూ ఇది ఒక ఉద్యమంగా పెరిగింది మాత్రం యూటా రాష్ట్రం నుంచి. వంశచరిత్ర భద్రపరచడం అక్కడి మోర్మన్లకు మతధర్మంతో ముడిపడ్డ పని. 1980లో సాల్ట్ లేక్ సిటీలో రికార్డుల మీద జరిగిన ప్రపంచ సదస్సులో మేరియెలిన్ క్రిస్టెన్సెన్ అనే ఆవిడ తన కుటుంబ ఆల్బమ్‌లను ప్రదర్శనకు పెట్టింది. మరుసటి ఏడాదే ఆ కుటుంబం ఇందుకు కావలసిన సామాను అమ్మే దుకాణం తెరిచింది.

పేజీ ఎలా కుదురుతుందో ఒక ఫొటో పెట్టుకుని చూద్దాం. అరుగు మీద కూర్చుని అమ్మమ్మ మనవరాలికి జడ వేస్తోంది. ఆవిడది ఆకుపచ్చ అంచున్న ఎర్ర చీర, పిల్లది తెల్ల గౌను. చాలామంది చెయ్యి వెంటనే ఎర్ర కాగితం మీదికి పోతుంది. అది వేశారా, చీర రంగు వెలవెలబోతుంది. ఫొటోలో కొంచెంగా ఉన్న రంగును, అంటే ఆ అంచు పచ్చను, కాగితంలోకి తీసుకోవాలి. అప్పుడు ఎరుపు ఫొటోలోనే మిగిలి, కన్ను అక్కడికే పోతుంది. అడుగున లేత మీగడ రంగు సాదా కార్డ్‌స్టాక్ చాలు.

ఇక డిజైన్లు. మూడు కాగితాలు కలపాలంటే మూడింటిలోనూ ఒక రంగు ఉమ్మడిగా ఉండాలి, డిజైన్ పరిమాణం మాత్రం దేనికదే వేరుగా ఉండాలి. చీరలో పల్లూ, అంచు, ఒంటి మీది బుటా ఒకదానితో ఒకటి పోటీపడకుండా ఎలా ఇముడుతాయో ఇదీ అంతే. పెద్ద పువ్వులు, మధ్యరకం గళ్ళు, సన్నని చుక్కలు తీసుకుంటే గొడవ ఉండదు. రెండు పెద్ద పూల కాగితాలు పక్కపక్కన పెడితే చూపు నిలవదు. పెద్ద పువ్వు ఫొటోకు ఆనకూడదు. మధ్యలో సాదా కాగితం ఉండాలి. అందుకే ఫొటో కింద దానికంటే కాస్త పెద్ద తెల్ల కాగితం వేసి, నాలుగు వైపులా అంగుళంలో ఎనిమిదో వంతు అంచు కనబడనిస్తారు. దాన్నే మ్యాట్ అంటారు.

అమ్మమ్మ చూపు కుడివైపుకు ఉంటే ఫొటోను ఎడమకు జరిపి, ఆవిడ చూస్తున్న వైపున ఖాళీ వదలాలి. మనిషి పేజీ బయటికి చూస్తుంటే మన కళ్ళూ బయటికే పోతాయి. దువ్వెన పట్టిన చెయ్యి, పక్కనున్న మల్లెల మాల, ఈ రెండు చిన్న ఫొటోలను పెద్దదాని అంచుకు సమంగా పేర్చాలి. మూడింటి వెనక గళ్ళ కాగితం పట్టీ ఒకటి ఈ చివర నుంచి ఆ చివర దాకా పోనిస్తే అవి ఒక్క కథలోకి వస్తాయి. జిగురు తీసేముందు అన్నీ ఊరికే పరిచి, సెల్‌ఫోన్‌తో నలుపు తెలుపులో ఒక ఫొటో తీసి చూడండి. రంగుల మోజు తొలగిపోయి, పేజీలో అసలు ఏది ముందుకొస్తోందో తేలిపోతుంది.

బొమ్మకూ దాని చుట్టూ ఉన్న కాగితానికీ మధ్య ఈ మర్యాదను మొగలుల కాలం కళాకారులు ఎప్పుడో సాధించారు. వాళ్ళ ఆల్బమ్‌లను మురక్కా అనేవారు. జహంగీర్ కోసం కూర్చిన గుల్షన్ మురక్కా ఇప్పుడు టెహ్రాన్‌లోని గులిస్తాన్ ప్యాలెస్ గ్రంథాలయంలో ఉంది. అందులో సాధారణంగా నడుమ అందమైన చేతిరాత ఉన్న పేజీల అంచుల్లో మనుషుల బొమ్మలుంటాయి. నడుమ చిత్రం ఉన్నచోట అంచుల్లో బంగారు రంగు లతలు, పువ్వులు ఉంటాయి. మధ్యలో ఉన్నదాన్ని బట్టే అంచు తన మాట మార్చుకుంటుంది. ఇంత గొప్ప పాఠం నాకు మరే పుస్తకంలోనూ దొరకలేదు.

కాగితం అందంగా ఉంటే సరిపోదు, ఫొటోకు హాని చేయకూడదు. చెక్కగుజ్జులోని లిగ్నిన్, కాగితంలోని ఆమ్లం ఏళ్ళు గడిచేకొద్దీ పేజీని పసుపుపచ్చగా మార్చి ఫొటోనూ పాడుచేస్తాయి. జిగురు చారల మీద ప్లాస్టిక్ పొర కప్పే పాత ఆల్బమ్‌లు ఎన్నో ఇళ్ళలో పెళ్ళి ఫొటోలను ఇలాగే తినేశాయి. యాసిడ్ లేదు, లిగ్నిన్ లేదు అని రాసి ఉన్న కాగితమే కొనాలి. పాత ఒరిజినల్‌ను కత్తిరించకుండా స్కాన్ చేయించి, ఆ ప్రింటు మీద పనిచేయాలి. ఒరిజినలే పెట్టాలనుకుంటే, మన నల్ల కాగితాల ఆల్బమ్‌లలో వాడినట్టు నాలుగు మూలలకూ కార్నర్లు పెడితే కావలసినప్పుడు తీసుకోవచ్చు.

మన స్టూడియోలు ఇప్పుడు పెళ్ళికి కరిజ్మా ఆల్బమ్ చేసిస్తున్నాయి. వెనక పూలు, మెరుపులు, మబ్బులు, పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాల షీట్ల నిండా ఫొటోలు. వాటిలో ఒక్క మాట ఉండదు. తాళి కట్టేటప్పుడు వెనక నిలబడి కళ్ళు తుడుచుకుంటున్న పెద్దాయన ఎవరో, ముప్పై ఏళ్ళ తర్వాత చెప్పేవాళ్ళు ఉండరు. చేత్తో చేసిన స్క్రాప్‌బుక్‌కు నేనిచ్చే విలువ ఇక్కడే. ఫొటో ఎంచుకునేటప్పుడే ఆ మనిషిని గురించి ఏం రాయాలో ఆలోచించక తప్పదు. "అమ్మమ్మ, 2009" అని రాస్తే చాలదు. జడ బిగించి వేసేదని, నొప్పి అంటే కథ చెప్పేదని, ఆ కథలో పేదరాశి పెద్దమ్మ ఎప్పుడూ అమ్మమ్మ పుట్టిల్లున్న ఊళ్ళోనే ఉండేదని రాయాలి. పెద్దవాళ్ళు ఉండగానే వాళ్ళ చేత రాయిస్తే మరీ మంచిది. నేరుగా పేజీ మీద కాకుండా విడి కార్డు మీద, వెలిసిపోని పిగ్మెంట్ ఇంకు పెన్నుతో రాయించండి. తప్పు పోతే కార్డు మార్చుకోవచ్చు. దానికి అరచెయ్యంత చోటు మొదటే వదిలిపెట్టి, ఆ తర్వాతే పూల కాగితానికి కత్తెర పెట్టండి.