‘వెర్రి తెగులు’: పైరు వ్యాధుల పేర్లలో రూపకం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పండే మెట్ట పైర్లలో నువ్వు, చోడి, కంది ముఖ్యమైనవి. నువ్వు మొక్కకు పూలకు బదులు సన్నని ఆకుల గుత్తులు వస్తే అది వెర్రి తెగులు. చోడి వెన్నులో గింజకు మారుగా పచ్చని ఆకురేకులు మొలిస్తే వెర్రి కంకి తెగులు. కంది గుబురుగా పెరిగి పూత పూయకపోతే అదీ వెర్రి తెగులే; గొడ్డుమోతు తెగులని దానికి మరో పేరు. వ్యాధిశాస్త్రం ప్రకారం ఈ మూడింటికీ పొత్తు లేదు. మొదటిది దీపపు పురుగులు వ్యాపింపజేసే ఫైటోప్లాస్మా వల్ల, రెండోది శిలీంధ్రాన్ని పోలిన సూక్ష్మజీవి వల్ల, మూడోది నల్లి మోసే వైరస్ వల్ల కలుగుతాయి.

మూడు రోగాలకు ఒకే పేరుండటం పరిభాషా దోషమనడం తొందరపాటు. ఈ వర్గీకరణకు ఆధారం కారకం కాదు, ఫలించవలసిన భాగం ఆకుగా మారడమో అసలు రాకపోవడమో. ‘వెర్రి’ విశేషణం ఇక్కడ ఉన్మాదానికే పరిమితం కాదు. వెర్రిపుచ్చ, వెర్రినువ్వులు అన్న పేర్లలో అది సాగు జాతిని పోలి ఉండి అది కాని మొక్కను సూచిస్తుంది. తెగులు సోకిన నువ్వు కూడా రైతు దృష్టిలో తాను విత్తిన జాతి నుంచి తప్పిపోయిన మొక్క. ఈ అర్థచ్ఛాయను పట్టించుకోకుండా పేరును పిచ్చికి పర్యాయంగా చదివితే రూపకం సగమే తెలుస్తుంది.

ఈ కోవకు చెందిన రోగాలను 1967కు ముందు శాస్త్రజ్ఞులు వైరస్ రోగాలుగానే లెక్కించారు. ఆ ఏడాది జపాన్ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో వేరే జీవులను చూశాక శాస్త్ర వర్గీకరణ మారింది. లక్షణాన్ని చెప్పిన రైతు మాటకు మారవలసిన అవసరం రాలేదు.

అయితే లక్షణ నామాలన్నీ నిర్దోషాలని కాదు. వరిలో అగ్గితెగులు పేరు మాడిన ఆకును సరిగ్గానే చూపుతుంది, కానీ వేడిని స్ఫురింపజేస్తుంది. ఆ తెగులు విజృంభించేది చల్లని రాత్రుల్లో, మంచు కురిసేటప్పుడు, నత్రజని మితిమీరిన చేలలో. గొడ్డుమోతు విషయం ఇంకా ఇబ్బందికరం. పిల్లలు లేని స్త్రీపై వాడే తిట్టు అది. వంధ్యత్వమని సంస్కృతీకరిస్తే తిట్టు నాగరికమవుతుందే గాని పోదు.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటి వృత్తిదారుల నోటి మాటనే ప్రమాణంగా తీసుకుంది. ఆ దారిలో గొడ్డుమోతు కూడా కోశంలో నమోదు కావలసిందే. రైతులకిచ్చే కరపత్రాల్లో మాత్రం దాని అవసరం లేదు. ‘కంది వెర్రి’ అని పైరు పేరు చేర్చి, కారకాన్ని పక్కన రాస్తే చాలు.