ఉప్పు నాలుగో మెట్టులో

చైనీస్ నేర్చుకోవాలనుకున్న వాళ్ళెవరికైనా ముందు ఎదురయ్యేది హెచ్‌ఎస్‌కె. విదేశీయుల కోసం చైనా నడిపే భాషాపరీక్ష ఇది. 2010 నుంచి పదేళ్ళకు పైగా నడిచిన పద్ధతిలో దీనికి ఆరు మెట్లు. మొదటి మెట్టుకి 150 మాటలు, రెండోదానికి మొత్తం 300, తర్వాత 600, 1200, 2500, 5000. యాప్‌లూ ఫ్లాష్‌కార్డులూ కోచింగ్ నోట్సులూ అన్నీ ఈ జాబితా వెనకే నడిచాయి. ఇంతమంది బట్టీపట్టిన పుస్తకాన్ని ఎవరూ పుస్తకంగా చదవరెందుకో. పదాల జాబితా కూడా ఒక రచనే. అందులోనూ ఒక కథానాయకుడుంటాడు.

మొదటి 150 మాటల్లో అతను కనిపిస్తాడు. కుర్చీ, బల్ల, కప్పు, టీవీ, కంప్యూటర్ ఉన్నాయి. టాక్సీ, విమానం, యాపిల్, కుక్క, పిల్లి ఉన్నాయి. అమ్మా నాన్నా, కొడుకూ కూతురూ ఉన్నారు. తలుపు లేదు, అది రెండో మెట్టులో వస్తుంది. మందు, అక్కాచెల్లెళ్ళు, అన్నదమ్ములు కూడా అక్కడే. నొప్పి మూడులో, తాతా నానమ్మా మూడులో. ఉప్పు నాలుగులో. మేనమామా మేనత్తా ఐదులో. అంటే 600 మాటలు దాటితే గాని ఉప్పు అడగలేం. ఈ కథానాయకుడు టాక్సీ దిగి, బయట తిని, యాపిల్ కొనుక్కుని పోయే అతిథి. ఆ ఇంట్లో మనిషి మాత్రం కాడు.

పరీక్ష జాబితాని ఇంటి జాబితా కాలేదని తప్పుపట్టడం న్యాయమేనా అనొచ్చు. నిజమే, దాని పని వేరు. పైగా 2021లో వచ్చిన కొత్త ప్రమాణాల్లో మొదటి మెట్టే 500 మాటలు, తాతా నానమ్మా కిందికి దిగి అందులోకి వచ్చారు. నా అభ్యంతరమల్లా, మన దగ్గర చైనీస్ అవసరమైన వాళ్ళకి ఇది తప్ప ఇంకొకటి లేకపోవడం మీదే.

అవసరం ఎవరికంటే, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎంబీబీఎస్‌కని చైనా వెళ్ళిన పిల్లలకి. వాళ్ళకి పాఠాలు ఇంగ్లీషులో, రోగులు చైనీస్‌లో. 2020లో కోవిడ్‌తో ఇళ్ళకొచ్చేసినవాళ్ళు 2022 ఆగస్టు దాకా వీసాలు లేక ఆన్‌లైన్‌లోనే చదివారు. అనాటమీ పాఠం ల్యాప్‌టాప్‌లోకి వస్తుంది. వార్డులో ముసలమ్మ ఎక్కడ నొప్పి, ఎప్పట్నుంచి, ఏం తిన్నాక అని చెప్పే మాట రాదు. అది దగ్గర కూర్చుని వినాల్సిందే.

అసలు ఇబ్బంది ఇంకోటుంది. మనం చైనీస్‌ని ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటాం. ఫోటోని బాగా కుదించి పంపి, అవతల మళ్ళీ పెద్దది చేస్తే పోయిన వివరం తిరిగి రాదు. ఇక్కడా అంతే. మనకి వరి, బియ్యం, అన్నం వేరు. వాళ్ళకీ తావ్, మీ, ఫాన్ వేరు. మధ్యలో ఇంగ్లీషు మూడింటినీ రైస్ చేసేస్తుంది. మనకి అన్న, తమ్ముడు వేరు, వాళ్ళకీ కక, తీతి వేరు. ఇంగ్లీషులో ఇద్దరూ బ్రదరే. మేనమామా చిన్నాన్నా ఇద్దరూ అంకులే. మనం చోడంబలి తాగుతాం, వాళ్ళూ గంజి తాగుతారు. ప్రశ్న వెయ్యాలంటే మనం వాక్యం చివర 'ఆ' చేరుస్తాం, తిన్నావా అని. వాళ్ళు చివర 'మా' చేరుస్తారు. ఇంత సులువైనదాన్ని ఇంగ్లీషు వ్యాకరణంతో వివరించుకుని కష్టపడతాం.

ఉచ్చారణా అంతే. రోమన్ లిపిలో జి, కె అని రాసినవి వినడానికి మన క, ఖలకి దగ్గర. జెడ్ అని రాసింది 'చాప'లో మనం పలికే ౘ. పొద్దున్నే పలకరించే మాటని రోమన్‌లో చూసి 'జావో' అంటాం, అది 'ౘావ్'. మన బళ్ళో దాదాపు వదిలేసిన అక్షరం అక్కడ పనికొస్తోంది.

అలాగని తెలుగు అన్నిచోట్లా సరిపోదు. పెద్దమ్మ పిల్లలు మనకి అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళే. చైనీస్‌లో వాళ్ళు మేనత్త, మేనమామ పిల్లలతో ఒకే జట్టు. నాన్న అన్నదమ్ముల పిల్లలు మాత్రం వేరే జట్టు. స్వరాలూ మనకి లేవు. మంచి పుస్తకం పోలికల్నీ తేడాల్నీ పక్కపక్కనే పెట్టాలి.

ఈ పనికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. శ్రీకాకుళం ప్రాంతంలో పుట్టి పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు రామమూర్తి సవర భాషని సవరలు మాట్లాడగా విని నేర్చుకున్నారు. తెలుగు లిపిలో సవర వాచకాలు తయారుచేశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. నిఘంటువు ఇంగ్లీషులోకే వెళ్ళినా, దానికి ముడిసరుకు మనుషుల నోటిమాట. వాడుక తెలుగు కోసం పోట్లాడిన మనిషి కొండల్లోనూ అదే పద్ధతి పాటించారు.

అలాంటి పుస్తకం చైనీస్‌కి తెలుగులో రావాలి. అది పాఠ్యపుస్తకపు మాట దగ్గర ఆగిపోకూడదు. 'ఏమిటి'కి పుస్తకంలో 'షన్‌మ' అని ఉంటుంది. సిచువాన్‌లో ముసలాయన 'సాౘ' అంటాడు. మాస్టారు 'ఏమిటి' నేర్పితే ఇంట్లో 'ఏటి' అని పెరిగిన పిల్లలకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పుస్తకంలో ఉన్న మాటా, ఇంట్లో ఉన్న మాటా రెండూ రాయాలి. ఉప్పూ, తలుపూ, నొప్పీ, మందూ మొదటి పేజీలో ఉండాలి.