నల్లమల జాడగాళ్లు

నల్లమలకు వచ్చే పర్యాటకులు పులి కోసం చెట్ల మధ్య వెతుకుతారు. వెంట నడిచే చెంచు గైడు చూపు మాత్రం ముందు నేల మీద పడుతుంది.

దుమ్ములో గోళ్ల గుర్తులు కనిపిస్తే అది పులి అడుగు కాదని చెప్పేస్తాడు. పులి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. మగపులి అడుగు ఇంచుమించు చదరంగా, ఆడపులిది కాస్త పొడుగ్గా ఉంటుంది. అంచులు చెదరకపోతే జాడ తాజాది. పుట్ట తవ్వి ఉంటే ఎలుగుబంటి చెదల కోసం వచ్చినట్టే. కొండముచ్చు హెచ్చరిక కూత వినిపిస్తే, వెనకే కణితి కూడా అరిస్తే, ఇక అందరూ కదలకుండా నిలబడాల్సిందే!

తేనె, దుంపల కోసం చెంచులు తరతరాలుగా తిరిగిన అడవి నేర్పిన విద్య ఇది. ఎంత మెచ్చుకున్నా తక్కువే.

1983లో ఇక్కడ పులుల అభయారణ్యం ఏర్పడింది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు భాగం అమ్రాబాద్ పులుల అభయారణ్యం అయింది. రెండువైపులా అటవీశాఖ చెంచులను కాపలాకు, పులుల జాడ తీయడానికి పెట్టుకుంది. చారలను బట్టి ఏ పులి ఏదో కెమెరా ఫొటోలు తేలుస్తాయి. ఆ కెమెరా ఏ బాటలో, ఏ చెట్టుకు కట్టాలో తెలిసింది వీళ్లకే.