నవ్వడానికి ఎవరి పర్మిషన్ కావాలె? - పాతబస్తీ, 'ది అంగ్రేజ్'

సినిమా ఎట్లా చూడాలో చెప్పేవాళ్లు మనకు ఎన్నడూ తక్కువ కాలేదు. పత్రికల సమీక్షకుడు చుక్కలు వేసి చెప్తాడు. ఫిల్మ్ సొసైటీ మిత్రుడు అవార్డులు చదివి చెప్తాడు. ఇక మన అధ్యయన తరగతుల్లోనైతే టికెట్ కొనకముందే ప్రశ్నాపత్రం తయారు: దళితులున్నరా, శ్రామికులున్నరా, చివర తిరుగుబాటుందా? ఈ ప్రశ్నలు అడగొద్దని మేము అనడం లేదు. జవాబు దొరికేదాకా నవ్వకుండా బిగుసుకొని కూచోవడంతోనే మా పేచీ.

2005లో కుంట నిఖిల్ తీసిన 'ది అంగ్రేజ్' తీసుకుందాం. అమెరికా నుంచి తిరిగొచ్చిన ఇద్దరు యువకులు చార్మినార్ చూడబోయి ఇస్మాయిల్ భాయ్ జట్టుతో తగాదా తెచ్చుకుంటారు. మామ అనే రౌడీ, ఓ కిడ్నాపు కథ కూడా ఉన్నాయి గానీ అవి చూసినవాళ్లకే గుర్తులేవు. ఈ సినిమా సీడీల మీద, ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి పాకింది. డైలాగులు గల్లీ పోరగాళ్లకు కంఠతా వచ్చేశాయి.

కథ ప్రకారం హీరోలు ఆ అమెరికా పిల్లలే. దర్శకుడు అందులో ఒక వేషం తనకే ఉంచుకున్నాడు కూడా! 1998లో సైబర్ టవర్స్ లేచాక హైదరాబాద్ ఎవరిదని రోజూ చెప్తున్నారో వాళ్ల కళ్లతోనే కెమెరా పాతబస్తీకి వచ్చింది. కానీ జనం ఆ ఇద్దర్నీ పక్కన పెట్టి, ఇస్మాయిల్ భాయ్‌నీ, కోతలరాయుడు సలీం ఫేకూనీ ఎత్తుకుపోయారు. ఇట్లా చూడమని వాళ్లకు ఏ విమర్శకుడూ నేర్పలేదు. దర్శకుడు ఎవరిని ఎక్కడ కూచోబెట్టినా, ప్రేక్షకుడు తన మనిషిని తానే వెతుక్కుంటాడు. దీన్ని 'అభిరుచి లేకపోవడం' అనేవాళ్లకు అభిరుచి అంటే ఎవరి ఇంటి సొత్తు?

భాష సంగతి మరీ ముఖ్యం. 1965లో 'గుమ్‌నామ్'లో మహమూద్ దక్కనీ మాట్లాడే వంటవాడు. నల్లవాడు, నవ్వించడానికే ఉన్నవాడు. 1974లో శ్యామ్ బెనెగల్ 'అంకుర్'లో దళిత స్త్రీ లక్ష్మి నోట దక్కనీ వినబడింది. దానికి జాతీయ అవార్డులొచ్చాయి, అప్పుడది వాస్తవికత అయింది. అంటే ఈ భాష పెద్దల ముందుకు రావాలంటే వెకిలిగానో, బాధితురాలిగానో రావాలన్నమాట. 'అంగ్రేజ్'లో అది తీరుబడిగా ఇరానీ చాయ్ తాగుతూ కూచుంది. ఎవరికీ సంజాయిషీ ఇవ్వదు. పరాయిగా వినబడేది అవతలివాళ్ల ఇంగ్లీషే. ఇస్మాయిల్ భాయ్‌గా వేసింది ధీర్ చరణ్ శ్రీవాస్తవ్ కావడం కూడా గమనించాలి. దక్కనీ ఒక్క మతానిది కాదు. పాతబస్తీలో మాల, మాదిగ ఇళ్లల్లోనూ తెలుగుతో కలిసి కాపురం చేస్తున్న భాషే.

అయితే ఒకే సీడీ మీద రెండు నవ్వులుంటాయి. బంజారాహిల్స్ డ్రాయింగ్ రూంలో "వీళ్లింతే" అని నవ్వే నవ్వు ఒకటి. శాలిబండలో "అరె, మనోడే గదా" అని నవ్వే నవ్వు ఇంకొకటి. మొదటి నవ్వులో పాతబస్తీ ముస్లిం ఎప్పటికీ పనిలేని లోఫరే. ఈ ప్రమాదం సినిమాలో ఉంది, కాదనలేం. రెండున్నర చుక్కలా, మూడా అని లెక్కబెట్టే సమీక్షకు ఈ రెండు నవ్వుల మధ్య తేడా తెలియదు. మన ప్రశ్నాపత్రానికీ తెలియదు, ఎందుకంటే అది రెండో నవ్వును వినకముందే మార్కులు వేసేస్తుంది.

కడుపార నవ్వి, మళ్లీ చూసినప్పుడు మాకు ఒకటి కొట్టొచ్చినట్టు కనబడింది. ఆడపిల్లలు అమెరికా కుర్రాళ్ల ప్రేమకథకే పనికొచ్చారు. చార్మినార్ పక్కనే లాడ్‌బజార్. అక్కడి లక్క గాజుల వెనక, ఇళ్లల్లో సాగే జరీ పని వెనక ఎందరో ఆడవాళ్లున్నారు. వాళ్లలో ఒక్కరికీ కథలో చోటు లేదు. ఇస్మాయిల్ భాయ్ జట్టు పొద్దంతా హోటల్లో తాగే చాయ్ పైసలు ఏ తల్లి, ఏ అక్క సంపాదనలోంచి వస్తున్నాయో ఇస్మాయిల్ భాయ్ చెప్పడు, సలీం ఫేకూ ఎన్ని కోతలు కోసినా ఆ ఒక్కటీ చెప్పడు.