నల్లబండ తొట్టిలో రంగు చేపలు

కడప వైపు పెరట్లో తొట్టి కట్టాలంటే ముందు గుర్తొచ్చేది నల్లబండే. వంటగది గట్టుకూ, నీళ్ల తొట్టికీ వాడే ఆ బండతోనే కోయి చేపలకు కొలను కడితే, రంగు విషయంలో సగం పని చక్కబడినట్టే.

కారణం చేప చర్మంలోనే ఉంది. నలుపు, ఎరుపు, పసుపు వర్ణకాలకు అందులో వేరువేరు కణాలుంటాయి. చుట్టూ నల్లగా ఉంటే నల్లకణంలోని సన్నని రేణువులు కణమంతా పరుచుకుని మచ్చ చిక్కబడుతుంది. అదే చేపను లేతనీలం ప్లాస్టిక్ తొట్టిలోకి మారిస్తే ఆ రేణువులు కణం నడుమకు ముడుచుకుపోతాయి. చేప వెలిసిపోయినట్టు కనిపిస్తుంది.

అయితే రంగుకు హద్దు గీసేది వంశమే. కోయి మన చెరువుల్లో పెరిగే బంగారుతీగకు దగ్గరి చుట్టం. జపాన్‌లోని నీగాతా కొండపల్లెల రైతులు తిండికోసం పెంచుకున్న చేపల్లో రంగు పిల్లలను ఏరి, తరతరాలుగా పెంచుతూ వచ్చారు. 1914లో టోక్యో ప్రదర్శనకు వెళ్లాక వాటి పేరు మారుమోగింది. వాటిలో షోవా రకం పిల్లలు నల్లగా పుడతాయి, ఎరుపు తెలుపులు తర్వాత తేలుతాయి. మూడంగుళాల పిల్లను చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పడం కష్టం.

ఎరుపును చేప సొంతంగా తయారుచేసుకోలేదు, మేతలోంచే రావాలి. రొయ్యపొట్టు, స్పిరులినా అందుకు పనికొస్తాయి. మోతాదు మించితే మాత్రం తల మీది తెలుపు పసుపు తిరుగుతుంది. అప్పుడు కొన్ని వారాలు మామూలు మేత వేయడమే మందు.

నీళ్ల సంగతీ ఉంది. యర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది సున్నపురాయి కోసమే. అలాంటి నేలలో ఊరిన బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. అది నలుపుకు మేలు, ఎరుపుకు మెత్తటి నీళ్లే నప్పుతాయని కోయి పెంచేవాళ్ల అనుభవం.

ఇక ఎండ. మేలో కడప 40 డిగ్రీలు దాటడం మామూలే. చల్లని నీళ్లలో చిక్కబడే ఎరుపు వేడికి పలచబడుతుంది. పైగా 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల దాకా ఇమిడే ప్రాణవాయువు, 35 డిగ్రీలకు 7కు పడిపోతుంది. రంగుకు మేలుచేసిన నల్లబండే ఇక్కడ ఎండను పీల్చి నీళ్లను కాచేస్తుంది. అందుకే తొట్టిని నేలమీద నిలబెట్టకుండా నాలుగైదు అడుగుల లోతున భూమిలోకి దించాలి. పైన సగం మేర గ్రీన్ నెట్ కట్టి, రాత్రిపూట కూడా గాలి పంపు ఆడించాలి.

తెల్లని ఒంటిమీద దారాల్లాంటి ఎర్రని నరాలు తేలితే, రంగు వచ్చిందని మురిసిపోకూడదు. చాలాసార్లు అది నీళ్లు చెడి చేప నలుగుతోందనడానికి గుర్తు. ఆ రోజు మేత ఆపి, నాలుగోవంతు నీళ్లు మార్చాలి. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేలా ముందురోజే పట్టి ఉంచుకోవాలి.