జననాట్యమండలి పాట: దాని వారసులెవరు?

తెలంగాణ ప్రభుత్వమువారు చలనచిత్రములకు ఇచ్చు బహుమానములకు గద్దరు పేరు పెట్టి, 2025వ సంవత్సరమున మొదటిసారి వానిని పంచిపెట్టిరి. ఆ గౌరవమును మేము తప్పుపట్టము. కాని ఆ పేరుగల మనుష్యుడు తన జీవితమున అధికభాగము చలనచిత్రశాలకు వెలుపల, తెరలేని వేదికమీద, దుమ్ములో నిలిచి పాడినవాడు; చలనచిత్రములో తాను వ్రాసిన పాటకు నంది బహుమానము ప్రకటింపబడినప్పుడు వలదన్నవాడు. ఇంతకన్న పెద్ద చిక్కు మఱియొకటి కలదు. ఆయన ఒంటరి గాయకుడు కాడు. 1972లో హైదరాబాదునందు వెలసిన జననాట్యమండలి అను బృందమున ముందువరుసలో నిలిచినవాడు. 2023 ఆగస్టు 6వ తేదీన ఆయన కన్నుమూసిన పిదప వెలువడిన వ్యాసములు పెక్కింటిలో మనుష్యుడు కనబడుచున్నాడే గాని మండలి కనబడుటలేదు. ఆ పాట ఎట్లు కట్టబడినది, ఎవరియొద్దనుండి తీసికొనబడినది, తిరిగి ఎవరికి చేరినది అను విచారము అంతకన్నను తక్కువ. మేమిచట చేయబూనినది ఆ విచారమే.

పాశ్చాత్యదేశములందు రాక్ అను సంగీతము బృందములచే వర్ధిల్లినది. 1960లో లివర్‌పూలు పట్టణమున కూడి 1970లో విడిపోయిన బీటిల్సు అను నలుగురు యువకుల కథ మన యిండ్లలోని పిల్లలకును తెలిసినదే. తామే కట్టుకొన్న పాటలు, చేతికందిన వాద్యములు, ఊరూర సంచారము, పాటతోబాటు ఒక వేషము, వేషముతోబాటు ఒక తరముయొక్క తిరుగుబాటు: ఇవి ఆ బృందముల లక్షణములు. తెలుగుదేశమున ఈ లక్షణములన్నియు పట్టిన బృందమేదని ఎవరైన అడిగినచో మేము గిటారు పట్టినవారిని చూపము; గొంగడి కప్పుకొని, గోచి పెట్టి, కాలికి గజ్జె కట్టి, చేత కఱ్ఱ పట్టి, డప్పును డోలకును వెంటబెట్టుకొని వచ్చిన మండలినే చూపెదము. పెద్దలు వినవద్దన్న పాటనే పిల్లలు చాటుగా నేర్చుకొనుట ఇరుదేశములందును జరిగినది. భేదమొక్కటే. అచట పాట కోట్లకొలది రికార్డులుగా అమ్ముడుపోయినది. ఇచట చవుకపుస్తకములలోను, చేతులు మారిన క్యాసెట్లలోను తిరిగినది.

మండలి శూన్యమునుండి పుట్టలేదు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథను దేవాలయపు ముంగిటినుండి రాజకీయసభకు తెచ్చినది. షేక్ నాజరు ఆ విద్యకు పరాకాష్ఠ. తెలంగాణ సాయుధపోరాట కాలమున సుద్దాల హనుమంతు, బండి యాదగిరి మొదలగువారు పల్లెబాణీలలో పాటలు కట్టిరి. ఆ పిదప కొంతకాలము పాట సద్దుమణగినది. బి. నరసింగరావు నడిపిన ఆర్ట్ లవర్సు సంఘమున చేరిన తూప్రాను యువకుడు గుమ్మడి విఠలరావు, ఉత్తరాంధ్రపు బాణీలతో పార్వతీపురము ప్రాంతమునుండి వచ్చిన వంగపండు ప్రసాదరావు, ఇంకను పలువురు కూడినపుడు అది మరల మేల్కొన్నది. విఠలరావు గదరు పార్టీ పేరును తన పేరుగా చేసికొనెను.

ఇక పాట సంగతి. ఈ పాటలను కాగితముమీద చదివి తీర్పుచెప్పు విమర్శకులు తొందరపడుచున్నారని మా యభిప్రాయము. కాగితముమీద అవి కొన్ని పలుచనగానే కనబడును. ఒకేమాట పదిమార్లు వచ్చును. సమాసము లేదు, అలంకారము తక్కువ. కాని పాడునప్పుడు జరుగునది వేఱు. పల్లవి చిన్నది, రెండవమారు వినునప్పటికే సభ దానిని అందుకొనును. పెక్కు పాటలు ఐదాఱు స్వరములలోనే మెలగును గనుక, సంగీతము నేర్వని కంఠము సైతము పట్టుతప్పదు. చరణము నడుమ గాయకుడు హఠాత్తుగా ఆపి మాటలాడును, నవ్వించును, ఒక ముసలివానినో ఒక కూలితల్లినో అభినయించి చూపును. మాట ముగియకమునుపే డప్పు మరల అందుకొనును. తాళములేని దీర్ఘాలాపముతో మొదలిడి, విలాపము గొంతులో నిండినపిదప చతురస్రగతిలోనికి దూకుట మఱియొక పోకడ. సంబోధన ప్రాణము. అన్నా, అక్కా, చెల్లీ, కొడుకా అని పిలువని పాట అరుదు. ఆ పిలుపుతో శ్రోత శ్రోతగా ఉండజాలడు, పాటలోని పాత్ర యగును. మేము బడిలో ద్విపదకును రగడకును లక్షణములు చెప్పుచుందుము. ఆ రెండును జనుల నోట నిలిచియుండుటకు కారణమేమని పిల్లలడిగినచో, లక్షణగ్రంథముకంటె ఈ పాటయే చక్కని సమాధానము.

డప్పును గూర్చి ఒకమాట చెప్పక తప్పదు. మన పల్లెలలో చావుకును, దండోరాకును, జాతరకును డప్పు కావలెను; డప్పు కొట్టువాడు మాత్రము గడప దాటరాదు. పట్టణములందలి సంగీతసభలలో దానికి వాద్యమను పేరే లేకుండెను. దళితకుటుంబమున పుట్టిన విఠలరావును ఆయన సహచరులును దానిని వేదిక నడుమ పెట్టిరి. సంస్కరణసభలలో అస్పృశ్యతను గూర్చి ఎన్నియో తీర్మానములు చేయబడినవి. ఒక వాద్యమును నడుమ నిలుపుట వానిలో పెక్కింటికంటె లోతుగా పనిచేసినదని మేము నమ్ముచున్నాము.

ఇంతవఱకు ప్రశంస. ఇక అప్పును గూర్చి. రాక్ సంగీతము ఆంగ్లేయ యువకుల సృష్టి కాదు. అమెరికాదేశపు నీగ్రోలని ఒకప్పుడు పిలువబడిన నల్లవారి బ్లూసు పాటలనుండి వచ్చినది. రోలింగ్ స్టోన్సు బృందమువారు తమ పేరునే మడ్డీ వాటర్సు పాడిన 1950నాటి పాటనుండి గ్రహించిరి. లెడ్ జెప్పెలిన్ అను బృందము 1969లో వెలువరించిన ఒక ప్రసిద్ధగీతమున తన పాట కలదని విల్లీ డిక్సను అను నల్లజాతి కవి 1985లో న్యాయస్థానమున కెక్కగా, 1987లో ఒడంబడిక కుదిరినది. పిదప ఆయన పేరును ఆ పాట కర్తలలో చేరినది. మన రాజశేఖరుడు కావ్యమీమాంసలో హరణమునకు అధ్యాయములనే కేటాయించి, ఏది తగును, ఏది తగదని విభజించి చెప్పెను. అప్పు తెచ్చుట దోషము కాదు; అప్పిచ్చినవాని పేరు మఱచుటయే దోషము.

మన మండలి పాటకు అప్పిచ్చినవారెవరు? ఒగ్గుకథకులు, బుఱ్ఱకథకులు, బైరాగులు, నాటువేయు ఆడువారు, బతుకమ్మ చుట్టు తిరుగువారు. వేములవాడచెంత హనుమాజీపేటకు చెందిన మిద్దె రాములు ఒగ్గుకథను విన్నవారికి, విప్లవగీతములలో ఎడతెగక వచ్చు ఆ సాగదీత, ఆ అకస్మాత్తుగా విఱుచుట ఎచటివో వేఱుగ చెప్పనక్కఱలేదు. మల్లన్నకథలోని ఊపు మాటలు మార్చుకొని మైదానమున కెక్కినది. ఒగ్గువారికి దానివలన కలిగిన లాభమేమి? వారి బాణీ దేశమంతట తిరిగినది, వారు తిరుగలేదు.

బాణీల సంగతి యట్లుండగా, మాటలు కట్టినవారి గతియు అంతే. 1980లో విడుదలయైన మాభూమి చిత్రమున, నైజామును సవాలుచేయు ఆ బండ్లపాటను గద్దరు తెరమీద పాడెను. నాటినుండి అది ఆయన వ్రాసినదేయని చదువుకొన్నవారు సైతము చెప్పుచున్నారు. వ్రాసినవాడు బండి యాదగిరి. ఆ చిత్రము వెలువడుటకు మూడు దశాబ్దములకు ముందటి పోరాటములో అది పుట్టినది. ఊరును వాడను తమవని చాటు పాట వినని తెలుగువాడు అరుదు. దానిని కట్టిన గూడ అంజయ్య పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని దండేపల్లి మండలము, లింగాపురమున 1955లో జన్మించి, మందులు ఇచ్చు కొలువు చేసికొనుచు పాటలు వ్రాసి, 2016లో మరణించెనని ఆ జిల్లావారిలోనే ఎందఱికి తెలియును?

ఇచట ఒక ఆక్షేపణ వచ్చును. ప్రజలపాటకు కర్త యేల? మండలివారు తామే వ్యక్తుల పేర్లకంటె సంస్థ పేరునే ముందుంచిరి గదా? అది సమిష్టిధర్మము గదా? ఈ మాటలో న్యాయము కలదు. అందఱి పేర్లును విడిచినచో అది సమిష్టిధర్మమే. కాని జరిగినది అది కాదు. పదిమంది పేర్లు విడువబడి ఒక్కని పేరు నిలిచినది. ఇప్పుడా ఒక్క పేరే బహుమానముల కెక్కినది. ఇది సమిష్టి పేరుతో జరిగిన ఏకాధిపత్యము. దీనికి ఆయనను నిందింపము. వేదికలమీద ఆయన తోటివారిని తలచుకొనుచునేయుండెను. నింద పత్రికలది, పుస్తకములు అచ్చువేసినవారిది, బడులలో చెప్పు మాబోటివారిది.

మండలికిని మా జిల్లాకును నడుమ ఇంకొక లెక్క తేలవలసియున్నది. 1981 ఏప్రిల్ 20వ తేదీన ఇంద్రవెల్లిలో సభకు కూడిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు 13 మంది యని ప్రభుత్వము చెప్పినది. అరువదికి పైబడిరని హక్కుల సంఘములవారు చెప్పిరి. ఆ దుఃఖమును రాష్ట్రమునకెల్ల వినిపించినది మండలి పాటయే. ఆ ఋణము తీరునది కాదు. సాహు, అల్లం రాజయ్యల కొమురం భీము నవల 1983లో వచనమున చేసిన పనిని పాట అంతకుముందే మొదలిడినది. అయినను, ఆ పాట తెలుగున నడచినది, తెలుగుపల్లె బాణీలో నడచినది. చచ్చినవారి భాష గోండి. వారి దుఃఖమునకు వారి సంగీతము లేదా? రాజగోండుల గాథలను తరతరములుగా నిలిపినవారు పర్ధానులు. ఇంటిలో మరాఠీ మాటలాడుకొనుచు, కీక్రి అను మూడుతీగల వాద్యమును పట్టగానే గోండిలో పాడు విచిత్రవిద్య వారిది. పెప్రె ఊదువారు, డోలు వాయించువారు వారితో కూడియుందురు. దీపావళివేళ నెమలియీకల కిరీటములతో గుస్సాడీ ఆడువారి అడుగులకు ఆ వాద్యములే నడక. ఇంద్రవెల్లిని గూర్చి మేము విన్న పాటలలో కీక్రి స్వరము వినబడలేదు. డప్పును నడుమ నిలిపినవారు కీక్రిని ప్రక్కనైన నిలుపలేదు. దూరపువారి వేదనను తన గొంతుతో చెప్పుట కరుణ. వారి గొంతునే వేదికమీదికి తెచ్చుట అంతకు మించినది, ఆ పని మిగిలిపోయినది.

జైనూరు మండలము మార్లవాయికి చెందిన గుస్సాడీ కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చినది. 2024 అక్టోబరులో ఆయన మరణించెను. బడిపిల్లలకు ఆయన అడుగు నేర్పియుండుట మా జిల్లా చేసికొన్న భాగ్యము. కాని కీక్రి నేర్పు బడి యేది?

మండలి పాటలో ఇంకను రెండు లోపములు మాకు కనబడుచున్నవి, క్లుప్తముగా చెప్పెదము. స్త్రీ ఆ పాటలో కొడుకును పోగొట్టుకొన్న తల్లిగానో, అన్నను పంపిన చెల్లెలుగానో వచ్చును. తన పేరుతో, తన కోరికతో వచ్చుట అరుదు. పాడిన స్త్రీలు ఎందఱో కలరు, పాటలోని స్త్రీ మాత్రము ఏడ్చుచునేయుండును. రెండవది, తుపాకి. అన్యాయమును చూపునపుడు ఆ పాట ఎంత సూక్ష్మమో, తుపాకిని కీర్తించునపుడు అంత మొద్దు. కూలియొక్క చేతులను వర్ణించిన కవి ఆయుధముచెంతకు వచ్చుసరికి కేకమాత్రమే వేయును. పాటలోనే ఆ తేడా వినబడుచున్నది; మేము నీతి చెప్పి చూపనక్కఱలేదు. 1997 ఏప్రిల్ 6వ తేదీన తనయింటనే గుండుదెబ్బలు తిని, ఒక గుండును వెన్నులోనే మోయుచు బ్రతికిన గద్దరు, 2018లో మొదటిసారి వోటువేసెను. ఆయన కడపటి మార్గమునుబట్టి మునుపటి పాటను కొట్టివేయువారును, మునుపటి పాటనుబట్టి కడపటి మార్గమును నిందించువారును కలరు. మాకు రెండును అక్కఱలేదు.

వారసత్వమనునది ఇప్పుడెచట నున్నది? 2002లో కామారెడ్డియందు మొదలైన ధూంధాం ఆ వేదికరూపమును ప్రత్యేకరాష్ట్రోద్యమమున కందించినది. పాట మరల లక్షలమందిని కూడగట్టినది. రాష్ట్రమేర్పడినపిదప ఆ బాణీలనే ప్రతి రాజకీయపక్షమును ఎన్నికలవేళ అద్దెకు తీసికొనుచున్నది. గజ్జెలు, గొంగడి, డప్పు అన్నియు ఉన్నవి. డీజే పెట్టెల హోరులో పల్లవి అందుకొనవలసిన సభ మాత్రము నోరు మూసికొని యెగురుచున్నది. మండలి పాటకు అందుకొను సభయే సగము. ఆ సగము పోయినచో మిగిలినది నకలు.

మేమడుగునది పెద్ద పని కాదు. ఈ పాటలను మరల అచ్చువేయువారు ప్రతి పాటక్రింద మూడు పంక్తులు చేర్చవలెను: మాటలు కట్టినది ఎవరు, బాణీ ఏ కథనుండి లేక ఏ పనిపాటనుండి వచ్చినది, మొదట పాడిన ఊరేది. బాణీ నిచ్చిన ఒగ్గుపూజారి పేరు తెలిసినచో దానినికూడ. చలనచిత్ర బహుమానములకు ఒక పేరు చాలును. పాటలపుస్తకమునకు చాలదు. దండేపల్లి మండలపు బడులలో గూడ అంజయ్య పాటను ఆయన పేరుతో నేర్పుటకు ఎవరి యనుమతియు అక్కఱలేదు. వచ్చు జూనులో బడులు తెఱచునప్పుడే మొదలిడవచ్చును.